తిన్నదా, చూసినవా?

శుక్రవారం పొద్దున బార్కస్‌లో రంగు చేపల దుకాణం చాచా చనిపోయారు. ఫోన్ పెట్టేసి ఆ మాట ఇంట్లో చెబితే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "చచ్చింది చేపనా, మనిషా?"

వెక్కిరింపు కాదు. నా కళ్లు చూసి, నిజంగానే తెలియక అడిగింది. రెండేళ్లుగా మా ఇంట్లో నన్ను అర్థం చేసుకున్న తీరు ఇదే. వారానికి నాలుగైదు రోజులు జల్‌పల్లి నుంచి బార్కస్‌కు పోతున్నానంటే అక్కడ ఎవడో ఉన్నాడనే అనుకున్నారు. ఒకరోజు అమ్మ చెప్పాపెట్టకుండా వెనకాలే వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడింది. డెబ్భై దాటిన ముసలాయననూ, వేలెడంత చేపనూ చూసింది. ఇక ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. "గీ చేప కోసమా నువ్వు బీఎడ్ ఇడ్సిపెట్టింది?" అంది. బీఎడ్ అంతకు ఏడాది ముందే వదిలేశాను. తర్వాత ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చున్నాను, అదీ వదిలేశాను. కానీ ఆ చేపను నేను ఏనాడూ వదల్లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాలేదు.

మాది పాల వ్యాపారం. బాపు బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, బార్కస్ ఇళ్లకు పాలు పోసే పని కొన్నాళ్లు నా మీద పడింది. చాచా ఇల్లు దుకాణం పైనే. మొదటిరోజు నేను వెళ్లేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని, చేపల ట్యాంకు అద్దానికి ముక్కు ఆనించి ఉన్నారు. తల తిప్పకుండానే, "జర ఆగు బేటీ, తింటున్నది" అన్నారు. తింటున్నది ఎవరో నాకు అర్థం కాలేదు. పాల క్యాను పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఒక రాయి పక్కన కదలిక కనిపించింది. చిన్నపిల్లలు స్కెచ్ పెన్నులన్నీ ఒకే బొమ్మ మీద అరగదీసినట్టు, నీలం మీద నారింజ చారలు, మధ్యలో ఆకుపచ్చ. ఈదడం లేదు. రెండు రెక్కలను చేతుల్లా ఆనించి రాతి మీద నడుస్తోంది. ఆగుతుంది, చూస్తుంది, ఒక్కసారి పొడుస్తుంది, మళ్లీ నడుస్తుంది.

దాన్ని మాండరిన్ అంటారు, సముద్రపు చేప. ఎవరో బంగళావాళ్లు అందానికి కొనుక్కుపోయి, ఏం వేసినా తినడం లేదని వెనక్కి తెచ్చి ఇచ్చారట. అప్పటికి వెన్నెముక బయటికి కనిపిస్తోందట. గోలీల మేత వేస్తే అటు తిరిగి చూడదు. గడ్డకట్టించిన రొయ్యలు ముక్కు ముందు పెట్టినా పక్కకు జరుగుతుంది. కదిలేది, బతికున్నది, కంటికి ఆననంత చిన్నది అయితేనే తింటుంది. చాచా దానికి నవాబు అని పేరు పెట్టారు. "రాజ్యం పోయింది గానీ నఖరాలు పోలే" అనేవారు. దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టలేదు. అడిగినవాళ్లకు, "పెట్టేటోళ్లు లేకుంటే వారంల పోతది, నీకెందుకు ఆ పాపం?" అని వేరే చేప చూపించేవారు.

దాని తిండి తయారుచేయడమే ఒక కాపురం. అడుగు కోసేసిన కూల్‌డ్రింక్ సీసాను తలకిందులుగా వేలాడదీసి, ఉప్పునీళ్లు పోసి, అందులో చిటికెడు గోధుమరంగు పొడి చల్లేవారు. చూడ్డానికి పొడే గానీ, అవి ఉప్పునీటి రొయ్యపురుగుల గుడ్లు. సన్నటి గొట్టంలోంచి గాలి బుడగలు వస్తూనే ఉండాలి. మర్నాటికి గుడ్లు పగిలి, సీసా అంతా నారింజ రంగు పొగలా కదులుతుంది. "పుట్టిన పూటనే పెట్టాలె. రేపటికి వీటిల బలం ఉండదు" అనేవారు చాచా. అందుకే ఒక సీసా ఖాళీ చేసిన వెంటనే ఇంకో సీసా.

బాపు చెయ్యి అతికాక కూడా నేను దుకాణానికి పోవడం మానలేదు. ఆ పని నాకు అప్పజెప్పిన మొదటి వారంలోనే తప్పు చేశాను. గాలి ఆపాక కాసేపు ఆగాలి. ఖాళీ పెంకులు పైకి తేలాలి, పగలని గుడ్లు అడుక్కి దిగాలి, పిల్లలు మధ్యలో మిగలాలి. నాకు ఆగడం రాదు. మొత్తం వడకట్టి ఒక్కసారే పోసేశాను. నవాబు పెంకులు కూడా మింగి, రెండు రోజులు రాతి కింది నుంచి బయటికి రాలేదు. పాలు తోడు పెట్టినట్టు గిన్నె మూసేసి పోయే పని అనుకున్నాను నేను. చాచా తిట్టలేదు. అదే నాకు కష్టంగా ఉంది. మూడో రోజు అది బయటికి వచ్చి ఒక రాతిని పొడిచాక, స్టూలు నా వైపు జరిపి, "పెట్టుడు అందరికొస్తది బేటీ. తిన్నదా లేదా చూసుడు అసలు పని" అన్నారు.

ఆ రోజు నుంచి నేను ఎప్పుడు మేత పెట్టినా ఆయనది ఒకటే ప్రశ్న, "తిన్నదా, చూసినవా?" పెట్టాను అంటే ఒప్పుకునేవారు కాదు. ఎన్నిసార్లు పొడిచిందో, పైనుంచి చూస్తే పొట్ట గుండ్రంగా ఉందో లోపలికి ఉందో చెప్పాలి. అది తిన్నాకే ఆయన చాయ్ సాసర్‌లో వంచుకునేవారు. రంజాన్ నెలలో ఉపవాసంతో గొంతు ఎండిపోయి మాట కూడా సరిగ్గా రాని మధ్యాహ్నాల్లో సైతం స్టూలు మీదే ఉండేవారు. జర పండుకోరాదు చాచా అంటే, "రోజా నాకు, నవాబుకు కాదు" అని నవ్వేవారు.

ఒకసారి ఇంట్లో గొడవపడి వెళ్లాను. కుదురు లేనిదాన్నని, ఎక్కడా నిలవనని అమ్మ అన్న మాటలన్నీ ఆయన ముందు కక్కేశాను. ఆయన అద్దం వైపు వేలు చూపించారు. నవాబు ఒక రాయి దిగి ఇంకో రాయి ఎక్కుతోంది. "పొద్దుగాల సంది గిట్లనే తిరుగుతది. ఒక్క తాన నిలవడితే ఆకలికి చస్తది. నువ్వు తిరుగు, ఎవలొద్దన్నరు? తిరిగిన కాడల్ల జర కండ్లు పెట్టి చూడు." ఓదార్పో, సలహానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అన్నం తిన్నాను.

శుక్రవారం నేను బార్కస్ చేరేసరికి మగవాళ్లు జనాజాకు, అంతిమయాత్రకు, సిద్ధమవుతున్నారు. తెల్లవారి నమాజుకు ముందు వజూ అని కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కూలిపోయారట. మేము ఆడవాళ్లం పైగదిలో కూర్చున్నాం. మధ్యాహ్నం ప్రార్థన తర్వాత ఆయన్ని తీసుకుపోయారు. వీధి ఖాళీ అయ్యాక, ఆయన కోడలు నా దగ్గరికి వచ్చి దుకాణం తాళంచెవి చేతిలో పెట్టింది. "అబ్బా నిన్న పగటీలి సీసా పెట్టిండ్రు. బంద్ చెయ్యాల్నా, ఉంచాల్నా మాకు సమజ్ అయితలేదు."

కిందికి దిగి షట్టర్ సగం లేపాను. సీసా బుడబుడమంటూనే ఉంది. నిండా నారింజ రంగు. గురువారం ఆయన చేత్తో వేసిన గుడ్లు, ఆయన లేని మధ్యాహ్నం పగిలాయి.

గాలి ఆపాను. ఆగాను. జీవితంలో అంతసేపు నేను ఎక్కడా కదలకుండా నిలబడలేదు. పెంకులు పైకి తేలాయి. సీసా పక్కన టార్చి పెడితే ఆ పిల్లలన్నీ వెలుగు దగ్గరికి గుంపుగా చేరాయి. గొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, ట్యాంకు పంపు ఆపి, పొడవాటి గాజు గొట్టంతో రాతి పక్కన వదిలాను. స్టూలు మీద కూర్చున్నాను. నవాబు వచ్చింది. పొడిచింది. ముప్పై దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత కళ్లు మసకబారి లెక్క తప్పాను. తిన్నది చాచా, చూసిన.

తాళంచెవి నా దగ్గరే ఉంది, రోజూ పోయి మేత పెడుతూనే ఉన్నాను. దుకాణం మూసేస్తున్నామని ఆయన కొడుకు మంగళవారం చెప్పారు. మిగతా చేపల్ని మలక్‌పేట దుకాణం ఆయన ఒకరు తీసుకుపోయారు. "గిది మాత్రం వద్దన్నడు. ఎండు మేత తినందాన్ని ఎవలు సాకుతరు చెల్లీ?" అన్నారాయన. నేను తీసుకుంటానన్నాను.

ఇంట్లో చెప్పగానే లొల్లి మొదలైంది. అమ్మ అరవలేదు, అరిస్తే తేలిగ్గా ఉండేది. "పది దినాలు చేస్తవ్. పదకొండో దినం నీ మనసు ఇంకో దాని మీదికి పోతది. అప్పుడు గా నోరు లేనిదాని ఉసురు ఎవలకు తాకాలె?" అంది. అమ్మ చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

బాపు పెరట్లో బర్రెలకు కుడితి కలుపుతున్నాడు. దగ్గరికి వెళ్లి అడిగాను, "నాయినమ్మ పోయిన పొద్దు నువ్వు ముందుగాల ఏం చేసినవ్ బాపు?"

"బర్లకు కుడితి పెట్టిన. పాలు పిండిన."

"గంత ఏడుపుల గూడ?"

"వాటికేం ఎరుక బిడ్డా, ఇంట్ల ఎవలు పోయిన్రో." కలుపుతున్న చెయ్యి ఆగింది. "గా డబ్బా ఎంత పెద్దగుంటది? ట్రాలీ సరిపోతదా?"

ఆదివారం ట్యాంకు వస్తోంది. రాళ్లు, ఉప్పునీళ్లు అన్నీ దాంతోపాటే. ముందు గదిలో కూలర్ తీసేసి చోటు చేశాను. అమ్మ మాట్లాడటం లేదు. చాచా కూర్చున్న స్టూలు అడిగితే వాళ్లు ఇచ్చారు, దాన్ని నిన్ననే తెచ్చుకున్నాను. కాళ్లలో ఒకటి కొంచెం పొట్టి, కూర్చుంటే అద్దం వైపే వంగుతుంది. శనివారం మధ్యాహ్నం మా వంటింటి కిటికీకి సీసా వేలాడదీసి గుడ్లు వేస్తాను, ఆదివారానికి అందుతాయి.

పదకొండో రోజు కూడా నేనే పెడతాను.