యజమాని గడిలో తొర్రూరామె

ఆ రోజుల్లో నేనెందుకు ఏమీ రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. బడికి పోతానంటే మేకలెవరు కాస్తారన్నారు. మేకలు పోయాక పెళ్లి, పెళ్లయ్యాక పత్తిచేలు. అక్షరాలు నలభయ్యో ఏట మా అక్క బిడ్డ నేర్పింది. (మొదట్లో 'ఖ' రాయమంటే నాకు నడుము నొప్పి వచ్చేది.) కాబట్టి నా చిన్నతనం నలభైలో మొదలైందనుకోండి, ఈ సంగతి ఆ చిన్నతనంలోనిదే.

అక్క బిడ్డ అప్పుడు హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతుండేది. కాలేజీ ప్రాజెక్టని మా వాడలో ఏ ఇల్లు ఎవరిదో చూపించే చిన్న వెబ్‌సైటు తయారుచేసింది. ఇంటి నంబరు కొడితే యజమాని పేరు రావాలి, పేరు కొడితే ఇల్లు రావాలి. బాగుంటే పంచాయతీలో వాడుకుంటామని కార్యదర్శి మాటిచ్చారు. నా పట్టుదలంతా అందుకే. మా ఆయన పోయాక ఇంట్లో సగం నాది, సగం మా మరిదిది. మధ్యలో ఒకటే గోడ. నా సగం అందులోకి ఎక్కకపోతే రేపు గోడ అవతలి నుంచి ఎవరేమన్నా నోరెత్తలేను.

మా ఇంటి వివరాలు చెప్పింది మరిది. నేను చదువొచ్చిన గర్వంతో కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా పేరు కొట్టాను. (కీబోర్డు మీద అక్షరాలు వరుసలో లేవు, దాన్ని చేసినవాడు బడి ఎగ్గొట్టి ఉంటాడు.) 'ఎవరూ లేరు' అని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ లేను. ఇంటి నంబరు కొడితే మరిది ఒక్కడే దర్జాగా ప్రత్యక్షమయ్యాడు. పిల్ల ఇంటికొక్క యజమానికే గడి పెట్టిందట. మరిదిని పిలిచి అడిగితే నవ్వాడు.

"ఇంటికి పెద్ద ఒక్కడే గద వదినె. కంప్యూటర్ల గూడ గంతే."

"కంప్యూటర్ల రాసింది నువ్వా? నా బిడ్డ రాసింది. ఇంకో గడి పెడ్తది."

పిల్ల అన్నం కూడా తినకుండా పట్టికలు విడదీసింది: ఇళ్లకొకటి, మనుషులకొకటి, ఎవరికెంత వాటానో చెప్పడానికి ఇంకొకటి. సాయంత్రానికి ఒక ఇంటికి ఎందరు యజమానులైనా పట్టేలా అయింది. ఇక నా పేరు మరిది నోటితోనే చెప్పించాలని నాకు పంతం. "చిన్నాయినా, చిన్నమ్మ పేరేంది?" అని పిల్ల అడిగింది. ఆయన పిల్లను చూశాడు, గోడను చూశాడు.

"తొర్రూరామె" అన్నాడు.

మా దగ్గర కోడలిని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. ఇరవై ఏళ్లు నా చేతి అన్నం తిన్నవాడికి అంతకు మించి తెలియదు.

"తొర్రూరుల ఆడోళ్లు మస్తుమంది ఉన్నరు. అందర్ని తోలుకొచ్చి ఈ సగంల ఉంచాల్నా?" అని, నా పేరు నేనే కొట్టాను. పక్కన పెట్టుకున్న చాయ్ చల్లారిపోయింది గానీ, ఈసారి వెతికితే దొరికాను.

మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని, వాడలోని ఆడవాళ్ల అసలు పేర్లన్నీ రాసుకొస్తానని బయల్దేరాను. నా నడక చూసి కుక్కలు కూడా తప్పుకున్నాయి. మొదటి గుమ్మం గోడ అవతలిదే. తోడికోడలు వాకిలి ఊడుస్తోంది. పెన్ను మూత తీసి ఆగిపోయాను. ఇన్నేళ్లూ నేను ఆమెను పిలిచింది నర్సంపేటామె అనే.

"నీ పేరేంది చెల్లె?"

"నీకు గూడ తెల్వదా అక్కా?" అంది. చీపురు గోడకు ఆనించి, ఎక్కడో దాచి మరిచిపోయినదాన్ని వెతుక్కున్నట్టు కాసేపు నిలబడి, చెప్పింది. రాసుకున్నాను. సిగ్గుతోనేమో, ఒత్తు దగ్గర కాస్త వంకర పోయింది.