ముందు సీటు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా మామ సెక్యూరిటీ కంపెనీని కాపాడింది సఫారీ సూట్ల మనుషులు కాదు, నేను.

ఫ్యాక్షన్ నాయకులను సుమోల్లో క్షేమంగా చేర్చడం ఆయన వ్యాపారం. ప్రొద్దుటూరులో బోర్డు, పులివెందుల దాకా పేరు. "నా బండి మీద ఈగ వాలదప్పా" అని గొప్పలు. జమ్మలమడుగులో నా కాలేజీ దారిలోనే కదా అని రోజూ నన్ను ముందు సీట్లో ఎక్కించుకునేవాడు. తాను వెనక నాయకుడి పక్కన ఒదిగి కూర్చునేవాడు. నేను పుస్తకంలో ముఖం దాచుకుంటే ఊరుకునేవాడు కాదు. "పుస్తకం దించు పాపా, అద్దం తియ్యి, గాలి తగలనీ" అనేవాడు. ఎంత ప్రేమో అనుకున్నాను.

ఒకరోజు వెనక నుంచి నాయకుడు అడిగాడు. "ఈ పాప రోజూ ఎందుకప్పా?"

"ఆడపిల్ల కనపడితే ఎవరూ బాంబెయ్యరన్నా. ఈడ అదొక్కటి ఇంకా నడుస్తాంది. అందుకే ముందర కూచోబెడతాండా" అన్నాడు మామ, నాకు వినపడదన్నట్టే.

మర్నాడు బండి వస్తే, బస్సులో పోతానన్నాను. గడపలోనే నిలబడ్డాను. ఆయన నా భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు. తర్వాత ఇలా అన్నాడు.

"సరే, మీ చెల్లెల్ని పంపియ్ పాపా. అదైతే పుస్తకం అడ్డం పెట్టుకోదు."