నేను ఖాళీ చేసిన ఫోల్డర్లు

మహబూబాబాద్ కొత్త జిల్లా అయిన మూడో ఏటి వేసవిలో, అక్కడి ఒక కార్యాలయంలో రికార్డు విభాగానికి సూపరింటెండెంటుగా చేరాను. కార్యాలయం పేరు రాయను. తప్పు నాది, దానిది కాదు. జనగామ నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. విరమణకు ఏడాదిన్నర మిగిలి ఉంది.

మా దగ్గర ఉండేవి టిప్పన్లు. ఒక్కో సర్వే నంబరుకు హద్దులు, కొలతలు గీసి పెట్టిన పాత పటాన్ని టిప్పన్ అంటారు. విప్పితే చాలు, అంచులు రాలిపోయే కాగితాలవి. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాలి. శనివారం శనివారం బ్యాకప్ ప్రోగ్రాంతో బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీసి, ఆ డిస్కును బీరువాలో పెట్టి తాళం వేయాలి. స్కానింగు చేసేది సునీత అనే ఆపరేటరు. నర్సింహులపేట దగ్గరి తండా ఆమెది. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం కాబట్టి మెమో పడిందంటే అంతే సంగతులు. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాగితంతో బతికినవాణ్ణి. మాకొక పద్ధతి ఉంది. ఫైలు ముగిశాక రికార్డు రూముకు పంపి, పుస్తకంలో సంతకం తీసుకుని, బల్ల ఖాళీ చేయాలి. బల్ల మీద పాత ఫైలు కనపడితే నాకు ఒళ్లు మండేది. ఒక శుక్రవారం సునీత సెలవులో ఉండగా, కంప్యూటర్ నిండిపోయిందని తెర మీద హెచ్చరిక వచ్చింది. పూర్తయిన మూడు మండలాల పటాలూ డిస్కులో భద్రంగా ఉన్నాయి కదా అని, కంప్యూటర్లోంచి ఆ ఫోల్డర్లు నేనే తీసేశాను. తెర మీది చెత్తబుట్టలో పడ్డవీ తుడిచేశాను. బల్ల ఖాళీ అయినంత హాయిగా ఉండింది.

మర్నాడు సునీత వచ్చి మామూలుగా డిస్కు తగిలించింది. సోమవారం ఆఫీసరు గారు ఒక టిప్పన్ కావాలన్నారు. డిస్కు తెరిస్తే మూడు మండలాలూ లేవు! కేబుల్ మార్చి చూశాం. వేరే కంప్యూటర్‌కు తగిలించాం. దాచిన ఫైళ్లు కనిపించేలా చేశాం, వైరస్ కోసం వెతికించాం. డిస్కులో ఏ లోపమూ లేదు. పోయిన ఫైళ్లను వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్ వేయిస్తే వచ్చిన వాటిలో సగం తెరుచుకోలేదు.

డిస్కు ముట్టుకున్నదెవరని ఆఫీసరు గారు అడిగారు. శుక్రవారం నేను చేసిన పని అప్పుడే చెప్పవలసింది. అది కంప్యూటర్ సంగతి, ఇది డిస్కు సంగతి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శనివారం తగిలించింది సునీతే అన్నాను. అందులో అబద్ధం లేదు, ఆ ధైర్యంతోనే అన్నాను. కంప్యూటర్లోనూ లేకపోయేసరికి, రెండు చోట్లా తీసేసింది ఆమేనని ఆయన అనుకున్నారు.

మెమో నా చేత్తోనే ఇచ్చాను. ఆమె నిలబడే చదువుకుంది.

"ఒక్కొక్క కాయితం నా చేతులతోని పరిచి స్కాన్ చేసిన సార్. నేనెందుకు తీసేస్త?" అంది. మెమో మడుస్తూ, "గా బ్యాకప్ ప్రోగ్రాంల ఏ రోజు ఏం జరిగిందో రాసి ఉంటదట. జర చూడుండ్రి సార్," అంది.

చూస్తానన్నాను. చూడలేదు. పని ఒత్తిడి అని చెప్పుకున్నాను కానీ, లోపలెక్కడో భయం ఉండే ఉంటుంది. నెలాఖరుకు ఏజెన్సీ ఆమెను తప్పించింది. అక్క ఉండే భూపాలపల్లికి వెళ్లి జిరాక్సు షాపులో చేరిందని విన్నాను. నేను చేతులు దులుపుకున్నాను.

రెండు నెలలకు కంప్యూటర్ మళ్లీ నిండింది. మళ్లీ ఖాళీ చేశాను. వారం తిరిగేసరికి ఇంకో మండలం డిస్కులో లేదు. ఈసారి నింద మోపడానికి మనిషి లేదు. అప్పుడు తెరిచాను, సునీత చూడమన్న ఆ చిట్టాను. నేను తీసేసిన ప్రతి ఫోల్డరూ పేరుపేరునా అందులో ఉంది, కంప్యూటర్లో లేదు కాబట్టి డిస్కులోంచి తొలగించినట్టు. రెండు చోట్లా ఒకేలా ఉంచేటట్టు ఆ ప్రోగ్రామును మొదటే అమర్చారు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. నేను డిస్కును రికార్డు రూము అనుకున్నాను. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అమరిక మార్పించాను. పటాలు మళ్లీ స్కాన్ చేయించాం. ఆ కాగితాలు ఇంకొంచెం రాలాయి. 'ప్రోగ్రాం అమరికలో లోపం' అని నోట్ పెట్టాను. అందులో నా పేరు రాయలేదు, సునీత పేరూ రాయలేదు. విచారణ పడితే పెన్షన్ ఆగుతుందని భయపడ్డాను.

మొహం చెల్లకపోయినా ఒక సెలవు రోజు భూపాలపల్లి వెళ్లాను. ఆమె జిరాక్సు మిషను దగ్గర నిలబడి ఉంది. జరిగిందంతా చెప్పాను. పని ఆపకుండానే వింది.

"నేను చెయ్యలేదని నాకెరుకే కద సార్. గిది నాకు చెప్తె ఏమొస్తది? మీరు మెమో మీద రాసిండ్రు. గక్కడనే రాయాలె."

రాస్తానన్నాను. ఎప్పుడని అడిగింది. నేను బస్సెక్కాను.

రాశాను, పెన్షన్ మంజూరు ఉత్తర్వు చేతికొచ్చిన వారానికి. తప్పు నాదని, మెమో రద్దు చేయమని. సదరు ఉద్యోగిని ప్రస్తుతం విధుల్లో లేనందున చర్య అవసరం లేదని ఒక వాక్యం జవాబు వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పగలిగింది ఇంతే. కంప్యూటర్లో తీసేస్తే డిస్కులోంచీ పోతుందా లేదా అన్నది మొదటి రోజే చూసుకోండి. ఏదైనా పోయినప్పుడు ఎవరు చేశారని అడగకముందు, మీరేం చేశారో కాగితం మీద మీ పేరుతో రాయండి. ఆ సోమవారం నేనది రాసి ఉంటే సునీత ఉద్యోగం నిలిచేది. నాకు బహుశా ఏమీ అయ్యేది కాదు.