చెరిపేసిన పెట్టె, మోగిన ఫోను

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే కసురుకునే రకం నేను. అసలే నాది ముక్కు మీద కోపం. కామారెడ్డిలో వైఫై, కెమెరాలు బిగించే పని చేస్తాను. తీగలో కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాకు తెలిసిన లోకం అంతే.

పోయిన కోతలప్పుడు ఎల్లారెడ్డి దగ్గర ఒక రైస్ మిల్లు నుంచి పిలుపొచ్చింది. అక్కడ వడ్లు తూచే కాంటా, మిల్లులో మాట్లాడుకునే సిమ్ములేని ఫోన్లు అన్నీ వైఫై మీదే నడుస్తాయి. ఆ వైఫైనంతా నడిపించే కంట్రోలర్ పెట్టె పొద్దున్నుంచీ ఆన్ కావడం, సగంలో ఆగిపోవడం, మళ్లీ ఆన్ కావడం. కాంటా ఆగి, గేటు బయట ట్రాక్టర్లు నిలబడిపోయాయి. రైతులు మిల్లు సేటు కాలర్ పట్టుకునేదాకా వచ్చారు. సేటు ఆ కోపమంతా నా మీద తీర్చుకున్నాడు.

"నడిపిస్తవా, నెత్తి పలగ్గొట్టాల్నా?"

ఒళ్లు మండింది గాని పనిలో పడ్డాను. ఇక ఒకటే దారి. పెట్టె లోపలి మెమరీ మొత్తం చెరిపేసి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. చెరిపేశాక అది ఉత్త డబ్బా. బల్ల మీదున్న మిల్లు ఫోనులో సిగ్నల్ పోవడం నా కళ్లతో చూశాను.

కొత్తది ఇంకా ఎక్కించనే లేదు, ఆ ఫోను మోగింది.

ఎత్తితే చెవి పగిలే అరుపు. "బంద్ చెయ్! మిషిని బంద్ చెయ్ అన్నా! సస్తున్నా!"

అది మల్లేశ్ గొంతు. ఆ మిల్లులో హమాలీ. కాసేపటి ముందే నాకు చాయ్ తెచ్చిచ్చి, "సేటు మొరుగుతడు గని కరవడు, నువ్వు తాగన్నా" అని నవ్వించి పోయాడు.

పక్కనే ఉన్న మెయిన్ స్విచ్ కిందికి గుంజాను. మిల్లంతా ఆగిపోయింది. సేటు ఉరికొచ్చి చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నోరంతా రక్తం. రెండో దెబ్బకు నేనూ ఆయన్ని చొక్కా పట్టి గోడకేసి కొట్టాను.

"మల్లేశ్ సస్తున్నడు!" అని అరిచాను.

అందరం లోపలికి పరిగెత్తాం. మల్లేశ్ మెడలో తువ్వాల మిషిను తిప్పే షాఫ్టుకు చుట్టుకుపోయి, మనిషిని ఇనుముకేసి అదిమిపెట్టింది. నాలుక బయటికొచ్చింది, చెవి సగం తెగింది. ఒక రైతు కొడవలితో తువ్వాల కోశాడు. ఆయన మోచేతుల దాకా రక్తమే.

మల్లేశ్ బతికాడు. గొంతు నలిగిపోయి మాట మాత్రం పోయింది.

అతని దగ్గర ఫోను లేదు. ఆ షాఫ్టు దగ్గరా లేదు. ఉన్నా, మెడకు ఉరి బిగిసినవాడికి అరిచే ఊపిరెక్కడిది? పెట్టెను ఎన్నిసార్లు వెతికానో, అమ్మతోడు, అందులో ఆ కాల్ జాడే లేదు.

మొన్న కామారెడ్డి దగ్గరి రాజంపేటలో వాళ్లింటికి వెళ్లాను. మల్లేశ్ భార్య బీడీల చాట పక్కకు నెట్టి నా ముందు కూర్చుంది.

"అన్నా, ఆయన గొంతు ఆఖరుకు విన్నది నువ్వే. నాకిప్పుడు యాదికస్తలేదు. ఎట్ల ఒర్రిండో ఒక్కపారి ఒర్రి చూపియ్యే."

వద్దన్నాను. మంచం మీది నుంచి మల్లేశ్ చెయ్యి ఊపాడు, అరవమని. కళ్లు మూసుకుని, నాకు వినబడినట్టే అరిచాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బోరుమంది. "గదే... గదే ఆయన గొంతు!"

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఎవరి గొంతో, నేను ఈ రోజుకీ చెప్పలేను.