బల్ల మీద పెట్టకూడని కాలు

ఆ ఏడు వేసవి చివర సలాత్సా నదికి అడ్డంగా దడి కట్టేటప్పుడు జెల్మా ఛాతీలోతు నీళ్లలో నిలబడి గుంజలు పాతింది. దేవదారు కొమ్మలు మోసుకొచ్చి వాటి మధ్య అల్లింది. అప్పుడు ఆమె ఆడదని ఎవరికీ గుర్తు రాలేదు. దడి పూర్తయి, మీద నడవడానికి బల్లలు పరిచాక గుర్తొచ్చింది!

సముద్రంలోంచి నదిలోకి ఎదురెక్కి వచ్చే నేగి చేపల కోసమే ఆ దడి. నేగి పాములా పొడుగ్గా ఉంటుంది. దవడలుండవు, గుండ్రటి నోటితో రాయిని పట్టుకుని వేలాడుతుంది. దడిలో ఒక్కో సందుకి చేపలు పడే బుట్ట ఒక్కోటి, ఒక్కో బుట్ట ఒక్కో ఇంటిది. మూడో సందు జెల్మా తండ్రి ఇంద్రికిస్‌ది. ఆయన ఆ వసంతంలోనే పోయాడు. కొడుకులు లేరు.

"నాన్న బుట్ట ఇక నేను తీస్తాను, ఎర్విన్స్ బాబాయ్," అంది జెల్మా, చేపలు రావడం మొదలయ్యాక.

దడికి పెద్ద ఎర్విన్స్. నోట్లోంచి పైపు తీశాడు. "ఆడది బల్లెక్కితే నేగి వెనక్కి మళ్లిపోద్దమ్మాయ్. మీ నాన్నా ఇదే అనేవాడు. బుట్ట మా అల్లుడు చూసుకుంటాళ్లే. నువ్వు కాల్చే పని చూసుకో."

కాల్చే పనట! ఊరందరి నేగిలనీ ఇన్నేళ్లూ ఆల్డర్ చెట్టు బొగ్గుల మీద కాల్చింది ఆమే. వేళ్లు బొబ్బలెక్కాయి, కళ్లు పొగకి ఎర్రబడ్డాయి. ఆమె చేతి చేప వీళ్ల నోటికి రుచి, ఆమె కాలు మాత్రం బల్లకి మైల. అనడానికైనా సిగ్గుండాలి!

మర్నాడు పొద్దున్నే మగవాళ్లంతా బల్లల మీదుండగా జెల్మా ఒడ్డు నుంచి నీళ్లలోకి దిగింది. ఆకులు రాలే కాలం, ఎముకలు కొరికే నీళ్లు.

"ఓసి పిచ్చిదానా, చస్తావ్!" అని అరిచాడు ఎర్విన్స్.

"బల్లెక్కొద్దన్నావ్, ఎక్కలేదుగా! నీళ్లు కూడా మీ అల్లుడివేనా?"

కింద నుంచే బుట్ట పైకెత్తింది. నిండా నేగిలు, కిక్కిరిసి మెలికలు తిరుగుతున్నాయి. ఎర్విన్స్ వంగి చెయ్యి చాచాడు.

"సరేలే, పైకి రా."

"వద్దు బాబాయ్. పాపం, వెనక్కి మళ్లిపోతాయేమో!"

నది అంచున మంచు గడ్డకట్టే దాకా రోజూ అలాగే దిగింది. జ్వరంతోనూ దిగింది. ఆ మొదటి రోజు తర్వాత ఒక్క మగాడూ ఆమెని పైకి రమ్మని చెయ్యి చాచలేదు.

మరుసటి ఏడు ఎర్విన్స్‌తో సహా దడి మగాళ్లంతా కూర్చుని, జెల్మాని బల్ల ఎక్కనిస్తున్నామని దయ తలిచారు. దయట! ఆ బల్లల్ని మోసే గుంజల్లో ఆమె పాతినవెన్నో. అప్పటికే ఆ చన్నీళ్లకి ఆమె మోకాళ్లు పట్టేశాయి. తన మూడో సందు దాకా జెల్మా కర్ర ఊతంతో నడిచింది.