ఒకే లాగిన్, ఏడు ఫోన్లు

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడమే కాదు, స్వయంగా కొన్నింటిని తయారు చేసి ఊళ్లోకి వదిలాను కూడా. మందమర్రి దారిలో బండి ఆపి లిఫ్టు అడిగే ఆడమనిషి నా కల్పనే. కొన్నేళ్ల తర్వాత ఒక ఆటో డ్రైవరు ఆమెను కళ్లారా చూశానని నా దగ్గరే ఒట్టేసి చెప్పాడు. కాబట్టి ఇప్పుడు రాయబోయేది నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరని తెలుసు. అయినా ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. రెండేళ్ల కింద పిల్లల కోసం పాఠాల యాప్ ఒకటి తెచ్చారు. స్టాఫ్ అందరితో ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారు. ఎవరి లాగిన్ వాళ్లే వాడాలి. పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదు. పిల్లలతో ఏం మాట్లాడినా క్లాసు గ్రూపులోనే, విడిగా మెసేజీలు పెట్టకూడదు. పనయ్యాక లాగౌట్ కావాలి. అందరం చదవకుండానే సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్లాం.

వారం తిరక్కముందే ఆరుగురం నా ఒక్క లాగిన్ మీద పడ్డాం. కెమిస్ట్రీ చెప్పే పద్మ మేడం తన పాస్‌వర్డ్ మరిచిపోయింది. "నీది జర ఇయ్యి మల్లేశన్నా, రేపు నాది చేసుకుంట" అంది. ఆ రేపు రానేలేదు. ఆమె వెనుక మిగతా నలుగురు వచ్చారు. పిల్లల ఫోన్లలో ఎవరు జవాబిచ్చినా నా పేరే కనిపించేది. ఇంగ్లీషు గ్రామరు కూడా నేనే చెబుతున్నానని పిల్లలు మురిసిపోయారు. నేను కాదనలేదు.

ఈ ముచ్చట ఇంట్లో నవ్వుతూ చెబితే మా బాపు అన్నం తింటూ ఆగిపోయాడు. ఆయన బొగ్గుబాయి మీద, కార్మికులకు దీపాలూ బిళ్లలూ ఇచ్చే ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషి పేరు మీదా ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు తీసుకుంటాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. షిఫ్టు ముగిశాక బిళ్ల రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. చివరి బిళ్ల వచ్చేదాకా ఆ రూముకు తాళం వేయరు.

"ఒక్క బిళ్ల మీద ఆరుగురు దిగుతరా? లోపల ఎవడున్నడో పైనోనికి ఎట్ల తెలుస్తది రా?" అన్నాడు.

"ఇది బాయి కాదు బాపూ, ఫోను" అన్నాను.

ఆ వానాకాలంలో ఒకరోజు లింగయ్య అనే బాయి కార్మికుడు కాలేజీకి వచ్చాడు. ఆయన బిడ్డ శ్రావణి మా దగ్గర ఫస్టియర్. బిడ్డ ఫోను ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టి నా వైపు చూశాడు.

"సారూ, నా బిడ్డతోటి నీకేం ముచ్చట? నేను పైకొస్తే నీకేంది, రాకుంటే నీకేంది?"

నాకేమీ అర్థం కాలేదు. ఫోను తీసి చూశాను. నా పేరుతో శ్రావణికి విడిగా మెసేజీలు వచ్చాయి. పదకొండు రోజులుగా, మొదటి షిఫ్టు ముగిసే వేళ, సరిగ్గా మూడుంపావుకు, ఒకటే ప్రశ్న: "నాన్న పైకి వచ్చిండా?" ఆ పిల్ల సారు ప్రేమతో అడుగుతున్నాడనుకుని ప్రతిరోజూ ఇంటికి పోయాక "వచ్చిండు సార్" అని పెట్టింది.

ప్రిన్సిపాల్ నా సంతకం ఉన్న కాగితం బయటికి తీశాడు. రేపటి లోపల ఇది ఎవరి పనో తేలకపోతే మేనేజ్‌మెంటుకు రాస్తానన్నాడు. ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి. ఆడపిల్లకు దొంగచాటుగా మెసేజీలు పెట్టినవాడని పేరొస్తే ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగలేను.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మూడుంపావుకు అందరికీ క్లాసులే, కానీ అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి.

"నన్నెందుకట్ల చూస్తున్నవ్ అన్నా? కథలు అల్లేటోనివి నువ్వు" అంది పద్మ మేడం.

ఆమె మాటలో న్యాయముంది. "పైకి వచ్చిండా" అన్నది బాయి ఇళ్ల మాట. ఆరుగురిలో బాయి కార్మికుని ఇంట్లో పుట్టింది నేనొక్కడినే. ఒక్కటి మాత్రం ఎవరికీ అంతు పట్టలేదు. ఆ మెసేజీలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మేం ఆరుగురం ఎప్పుడైనా ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొడతాం. నా ఫోనులో తెలుగు కీబోర్డే లేదు. రాత్రి పడుకుని, నేనే చేసి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను.

మర్నాడు మూడింటికి ప్రిన్సిపాల్ గదిలో అందరం కూడాం. లింగయ్య డ్యూటీకి నాగా పెట్టి వచ్చాడు. శ్రావణి ఆయన పక్కన నిలబడింది. కంప్యూటర్లో నా లాగిన్ తెరిచి, దాన్ని ఎన్ని ఫోన్లలో వాడుతున్నారో ప్రిన్సిపాల్ చూశాడు.

ఏడు.

మేం ఆరుగురం. మళ్లీ లెక్కపెట్టాం. ఒక్కొక్కరం లాగౌట్ అయి, ఫోను ఆఫ్ చేసి టేబుల్ మీద పెట్టాం. జాబితాలో పేర్లు ఒక్కొక్కటే పోయాయి. చివరికి ఒకటి మిగిలింది. దానికి కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు. "గోదావరిఖని, ప్రస్తుతం వాడుకలో ఉంది" అని మాత్రం ఉంది. ప్రిన్సిపాల్ దాన్ని తీసేశాడు. పోలేదు. మమ్మల్ని అటు తిరగమని పాస్‌వర్డ్ మార్చాడు. అయినా పోలేదు.

మూడుంపావుకు లింగయ్య చేతిలో ఉన్న శ్రావణి ఫోను మోగింది.

"నాన్న పైకి వచ్చిండా?"

ఆరు ఫోన్లూ టేబుల్ మీద ఆఫ్‌లో ఉన్నాయి. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. లింగయ్య బిడ్డ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత ఫోనులో తనే మెల్లగా "వచ్చిన" అని కొట్టాడు.

జవాబు వెంటనే వచ్చింది.

"మంచిది. ఇక్కడ ఆరు బిళ్లలు వచ్చినయ్. ఒకటి రాలేదు."

లాగిన్‌ను బిళ్లతో పోల్చిన ముచ్చట నాకూ మా బాపుకూ తప్ప ఎవరికీ తెలియదు. బాపు దగ్గరున్నది బటన్ల ఫోను.

లింగయ్య ఫోను జేబులో పెట్టుకుని, "ఇది మీ సారు పని కాదు. నేను కేసు గీసు ఏం పెట్ట" అని బిడ్డను తీసుకుని వెళ్లిపోయాడు.

నా పరువు దక్కింది. లాగిన్ పంచుకున్నందుకు ఆరుగురం తలా ఒక క్షమాపణ పత్రం రాశాం. నా పాత ఖాతా మూసేశారు. శ్రావణికి మళ్లీ మెసేజీ రాలేదు. ఇప్పుడు ఎవరి లాగిన్ వాళ్లదే. కానీ స్టాఫ్ రూములో మునుపటి నవ్వులు లేవు, ఫోను టేబుల్ మీద వదిలి లేచే వాళ్లూ లేరు. మొన్న కూడా పద్మ మేడం గొంతు తగ్గించి, "నిజం చెప్పన్నా, ఏడోది నీదే గదా? ఎవ్వరికి చెప్ప" అంది. ఇన్నేళ్లు చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన మనిషి, ఈ ఒక్క నిజం నమ్మడం లేదు.

దీనికి ఒక ముగింపు అల్లుదామని చాలాసార్లు కూర్చున్నాను. నాలాంటి వాడికి అదేం కష్టం కాదు. కానీ ఇది అల్లనివ్వలేదు.

ఖాతా మూసిన రోజు బాపుకు అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆ ఏడో మనిషి పైకి వచ్చిండా?"

"తెల్వదు బాపూ."

"మరి రూముకు తాళం ఎట్ల ఏసిండ్రు రా?"