చొక్కాలో రాగిమూట

అమీర్‌పేటలో కోచింగ్ సెంటరు గేటు దగ్గర కాపలా ఉండే యేసురాజుకి ఆ వారం ఉన్నట్టుండి పొట్ట వచ్చింది. కారణం ఏడు నెలల కూతురు ఫేబీ. పాప బరువు పెరగడం లేదు, ఏది పెట్టినా ఉమ్మేస్తోంది, డబ్బా పొడి కొనే తాహతు లేదు. మొలకెత్తిన రాగుల జావ పట్టమంది యేసురాజు తల్లి. చలికి గదిలో రాగులు మొలకెత్తకపోయేసరికి, వాటిని తడిగుడ్డలో మూటగట్టి చొక్కా లోపల దోపుకుని డ్యూటీకి వచ్చాడు. ఒక చేత్తో సార్లకు సెల్యూట్ కొట్టడం, రెండో చేత్తో మూట జారకుండా పట్టుకోవడం. రెండోరోజు లెక్కల సారు ఆగాడు. "ఏందన్నా, చొక్కా గట్ల తడిసింది?" సిగ్గుతో చచ్చిపోతూ యేసురాజు మూట విప్పాడు. ఆవగింజంత లేని ఒక్కో రాగికీ వెంట్రుకంత తెల్లటి మొలక! "మా పాపకు సార్..." సారు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "కోడి లెక్క పొదిగినవ్ గదన్నా!"

వాటిని ఎండబెట్టి, వేయించి, పొడికొట్టి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆదివారం ప్రార్థన నుంచి రాగానే జావ కాచారు. భార్య జెనీఫర్ మొదటి చెంచా పట్టింది. ఫేబీ మొహం చిట్లించింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పాప గుటుక్కున మింగి, మళ్లీ నోరు తెరిచింది.

"అట్ల చూస్తవేంది? గిన్నె ఇటియ్యి!" అంది జెనీఫర్.

తెరుచుకున్న ఆ చిన్న నోటినే చూస్తూ, యేసురాజు గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.